ఇంజిన్ పట్టేసిన కారు: మన చేత్తో మార్చుకుంటే మిగిలేదెంత?

పదేళ్లు దాటిన చిన్న కారు నడిరోడ్డు మీద ఆగిపోయి, బండిని షెడ్డుకు లాక్కెళ్లాక వినిపించే మాటలు రెండు. "ఇంజిన్ పోయింది సార్, అరవై డెబ్బై వేలవుతుంది" అని మెకానిక్ అంటాడు. "వీడియోల్లో అంతా ఉంది డాడీ, మనమే దింపి ఎక్కిద్దాం" అని ఇంట్లో కుర్రాడు అంటాడు.

హైదరాబాద్‌లోని నేరేడ్‌మెట్‌లో ఈ రెండో మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. సైన్యానికి వాహనాల మరమ్మతు నేర్పే ఎంసీఈఎంఈ ఉన్న తిరుమలగిరి ఇక్కడికి దగ్గరే. చుట్టుపక్కల సైనిక్‌పురి, వాయుపురి, డిఫెన్స్ కాలనీల్లో రిటైరైన సైనికులు ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. పానా పట్టడం తెలిసిన పెద్దమనిషి వీధికొకరు దొరికే పేట ఇది. పనిముట్లు, చైన్ బ్లాకులు కావాలంటే రాణిగంజ్, విడిభాగాలు కావాలంటే పుత్లీబౌలి ఉన్నాయి. కాబట్టి "చేయగలమా?" అన్నదానికి చాలా ఇళ్లలో జవాబు "చేయగలం" అనే వస్తుంది. చేస్తే మిగిలేదెంత అన్నది వేరే లెక్క.

ఆ లెక్క వేసే ముందు ఒక మాట. ఇక్కడి అంకెలు రెండు రకాలు. చట్టం, పన్ను, బీమాకు సంబంధించినవి ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం. ఇంజిన్ ధర, మెకానిక్ కూలి, పట్టే గంటలు మాత్రం లెక్క చూపడానికి పెట్టుకున్న ఊహా అంకెలు. మీ షెడ్డులో చెప్పిన ధరలను వాటి స్థానంలో పెట్టి చూసుకోండి. అంకెలు మారినా లెక్క వేసే పద్ధతి మారదు.

మొదటి అంకె: రెండు ధరల తేడా

చాలామంది బిల్లును కారు ధరతో పోలుస్తారు. "రెండు లక్షల బండికి డెబ్బై వేలా?" అని ఆగిపోతారు. పోల్చాల్సింది దానితో కాదు. ఇంజిన్ బాగుంటే కారు ఎంతకు పోతుంది, ఇప్పుడున్నట్టుగా అమ్మితే ఎంతకు పోతుంది అన్నవి రెండూ కనుక్కోవాలి. మరమ్మతు ఖర్చుకు గీటురాయి వాటి మధ్య తేడాయే.

2014 నాటి 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ ఒకటి ఉందనుకుందాం. నడుస్తుంటే రూ.2,20,000, ఇంజిన్ పట్టేసిన స్థితిలో రూ.70,000. తేడా రూ.1,50,000. మరమ్మతు రూ.65,000లో తేలితే బాగు చేయించడమే లాభం, ఆ లాభం రూ.85,000.

ఇప్పుడు పాత మారుతి 800ని తీసుకోండి. 1983 డిసెంబరులో మొదటి కారు రోడ్డెక్కింది. 2014 జనవరిలో తయారీ ఆగింది. బీఎస్-4 కాలుష్య నిబంధనలు రావడంతో హైదరాబాద్ సహా 13 నగరాల్లో 2010లోనే దాని అమ్మకం నిలిచిపోయింది. అంటే నగరంలో చివరిగా కొన్న 800లకు కూడా 2025 నాటికి 15 ఏళ్లు నిండాయి. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 2022 ఏప్రిల్ నుంచి కేంద్ర రుసుము రూ.5,000. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో దాన్ని రూ.10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. నడిచే 800 ధర రూ.50,000, నడవనిది రూ.20,000 అనుకుంటే తేడా రూ.30,000 మాత్రమే. అందులో ఇంజిన్ పని, పునరుద్ధరణ రుసుము రెండూ ఇమడవు.

ఇక్కడొక చిక్కుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, కొద్దిపాటి వైరింగ్ ఉన్న 800 ఇంజిన్‌ను ఇంట్లో దింపడం తేలిక. కానీ దాని మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు. డబ్బు తిరిగొచ్చే కొత్త కార్లలోనేమో సెన్సార్లు, ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్, దొంగతనాన్ని ఆపే ఇమ్మొబిలైజర్ కలిసి చేతిపనిని కష్టం చేస్తాయి.

కొత్త కారు ధరను కూడా ఓసారి చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లపై పన్ను 29 శాతం (జీఎస్టీ 28, సెస్సు 1) నుంచి 18కి తగ్గింది. పాత పన్నుతో 6 లక్షలున్న కారు ఈ లెక్కన సుమారు రూ.5.49 లక్షలకు వస్తుంది. విడిభాగాలపై పన్ను కూడా 28 నుంచి 18 శాతానికి దిగింది. ఇక కారును తుక్కుకే ఇచ్చేయాలనుకుంటే, అధీకృత స్క్రాపింగ్ కేంద్రంలో కొత్త కారు షోరూమ్ ధరలో 4 నుంచి 6 శాతం దాకా వస్తుందని కేంద్ర విధానం అంచనా వేసింది. 6 లక్షల కారుకు అది రూ.24,000 నుంచి రూ.36,000. మీ పాత బండికి ఎవరైనా ఇంతకన్నా తక్కువ చెబితే ఒప్పుకోనక్కర్లేదు.

చెడింది నిజంగా ఇంజినేనా?

"ఇంజిన్ పోయింది" అన్న మాట కింద కనీసం అరడజను జబ్బులుంటాయి. కొన్ని వందల్లో తేలతాయి, కొన్ని వేలల్లో. నిజంగా ఇంజిన్ మార్చాల్సినవి వాటిలో కొన్నే. ఇంట్లో చేయదగ్గ పరీక్షలు వరసగా ఇవి.

1. సెల్ఫ్ కొడితే "టక్" అని ఆగిపోతోందా? బ్యాటరీ, సెల్ఫ్ మోటారు చూశాక క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ తగిలించి చేత్తో తిప్పండి. తిరిగితే ఇంజిన్ పట్టేయలేదు. తిరగకపోతే ముందున్న బెల్టు తీసేసి మళ్లీ తిప్పండి. ఏసీ కంప్రెసరో ఆల్టర్నేటరో బిగుసుకుపోయినా ఇంజిన్ పట్టేసినట్టే కనిపిస్తుంది. అప్పుడు మార్చాల్సింది ఆ ఒక్క భాగాన్నే.

2. ఆయిల్ మూత తెరిచి, డిప్‌స్టిక్ లాగి చూడండి. ఆయిల్ మజ్జిగలా తెల్లబారితే అందులో కూలెంట్ కలిసింది. హెడ్ గ్యాస్కెట్ పోవడమో, వేడికి హెడ్ వంగడమో జరిగి ఉండొచ్చు. రెండూ హెడ్ దింపి చేసే పనులే.

3. కంప్రెషన్ కొలవండి. ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, సెల్ఫ్‌తో నాలుగైదు చుట్లు తిప్పితే మీటరు అంకె చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చిన్న పెట్రోలు ఇంజిన్ 12 నుంచి 14 బార్లు, అంటే సుమారు 175 నుంచి 200 పీఎస్ఐ చూపుతుంది. సిలిండర్ల మధ్య తేడా ఒక బార్ దాటకూడదు. డీజిల్ ఇంజిన్ అంకెలు ఇంతకు రెట్టింపు ఉంటాయి, దానికి మీటరు వేరు.

4. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులో బోరో అరిగాయి. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపితే వాటి మధ్య గ్యాస్కెట్ తెగిందని మొదట అనుమానించాలి.

5. టైమింగ్ చైన్ లేదా బెల్టు తెగిన ఇంజిన్‌లో పిస్టన్లు తగిలి వాల్వులు వంగొచ్చు. కింది భాగం చాలాసార్లు బాగానే ఉంటుంది. హెడ్ పనితో బయటపడొచ్చు.

ఆయిల్ లేకుండా నడిపాక కిందినుంచి "టక టక" మని బరువైన చప్పుడు వచ్చి ఆగిపోతే బేరింగులు తినేసి, క్రాంక్ దెబ్బతిన్నట్టు. కనెక్టింగ్ రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికొస్తే ఇక పరీక్షలేమీ అక్కర్లేదు. ఇంజిన్ మార్పిడి లెక్క ఈ రెండు సందర్భాల్లోనే మొదలవుతుంది.

నీళ్లు తాగిన ఇంజిన్

హైదరాబాద్‌లో ఇంజిన్లు ఒక్కసారిగా చెడేది వానల్లో. 2020 అక్టోబరు 13న నగరం మునిగింది. నేరేడ్‌మెట్ ఉన్న జిల్లాలోనే ఘట్‌కేసర్ దగ్గర 24 గంటల్లో 32 సెంటీమీటర్ల వాన పడింది. సెల్లార్లలో, స్టిల్ట్ పార్కింగుల్లో ఉన్న కార్లు నీట మునిగాయి.

నీళ్లలో నిలబడినంత మాత్రాన ఇంజిన్ చావదు. ఆ తర్వాత సెల్ఫ్ కొట్టడమే దాన్ని చంపుతుంది. గాలిని నొక్కొచ్చు, నీటిని నొక్కలేం. 1197 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 299 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 10:1 అయితే పిస్టన్ పైకి చేరాక మిగిలే ఖాళీ 299ని 9తో భాగిస్తే వచ్చేంత, అంటే సుమారు 33 మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసా మూతతో మూడు మూతలకు కాస్త పైన నీళ్లు. అంతకు మించి చేరితే పిస్టన్‌కు పైకి వెళ్లే దారి ఉండదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మునిగిన కారును తాకకుండా లాక్కెళ్లి, ప్లగ్గులు తీసి నీళ్లు బయటికి పంపి, ఆయిల్, ఫిల్టర్లు మార్చి చూస్తే చాలా ఇంజిన్లు బతుకుతాయి.

బీమా కూడా ఇక్కడే మెలిక పెడుతుంది. సమగ్ర పాలసీ వరద నష్టాన్ని భరిస్తుంది. కానీ మునిగాక సెల్ఫ్ కొట్టడం వల్ల పాడైన ఇంజిన్‌ను పర్యవసాన నష్టం కింద తోసిపుచ్చుతారు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అదనపు కవర్ ఉండాలి. మామూలు అరుగుదల, యాంత్రిక లోపం ఎటూ పాలసీలోకి రావు. క్లెయిమ్ ఒప్పుకున్నా తరుగుదల కోత ఉంటుంది: లోహ భాగాలపై 5 నుంచి 10 ఏళ్ల కార్లకు 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలపై ఏ వయసుకైనా 50 శాతం. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కారును పూర్తి నష్టంగా లెక్కగడతారు. కాబట్టి వరద కేసులో సర్వేయర్ వచ్చి చూడకముందే ఇంజిన్ విప్పకండి. సొంతంగా విప్పితే మిగిలే కూలి కన్నా పోయే క్లెయిమ్ ఎన్నో రెట్లు పెద్దది.

మూడు దారులు, మూడు బిల్లులు

పరీక్షలన్నీ అయ్యాయి, కింది భాగం పోయిందని తేలింది. మన 1.2 లీటర్ల కారుకు ఊహా బిల్లులు ఇలా ఉన్నాయనుకుందాం.

మొదటి దారి, షెడ్డులో పూర్తి ఇంజిన్ పని: పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు రూ.38,000. లేత్‌లో బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ రూ.12,000. కూలి రూ.15,000. ఆయిల్, కూలెంట్ వగైరా రూ.5,000. మొత్తం రూ.70,000.

రెండో దారి, షెడ్డులో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎక్కించడం: ఇంజిన్ రూ.40,000. రవాణా రూ.3,000. క్లచ్ ప్లేట్, ఆయిల్ సీళ్లు, మౌంటింగులు, ఆయిల్, కూలెంట్ రూ.12,000. కూలి రూ.10,000. మొత్తం రూ.65,000.

మూడో దారి, అదే ఇంజిన్‌ను ఇంట్లో ఎక్కించుకోవడం: ఇంజిన్, రవాణా, విడిభాగాలు కలిపి అవే రూ.55,000. చైన్ బ్లాక్, స్టాండు అద్దె రూ.4,000. టార్క్ రెంచ్, సాకెట్లు, జాక్ స్టాండ్లు కొనడానికి రూ.12,000. సాయం పట్టే మనిషికి రూ.3,000. మొత్తం రూ.74,000.

మొదటిసారి చేసేవాడికి మూడు దారుల్లోనూ ఖరీదైనది సొంత చేతి దారే. పదివేల కూలి మిగిల్చి పంతొమ్మిది వేలు సరంజామాకు పెట్టాడు. పనిముట్లు ఇంట్లోనే ఉండి, స్నేహితుడు ఊరికే సాయం పడితే బిల్లు రూ.59,000కు దిగుతుంది. అప్పుడు మిగిలేది రూ.6,000. మొదటిసారి చేసేవారికి 35 గంటలు పడతాయనుకుంటే గంటకు రూ.171.

ఇదే పని డాలస్‌లో ఉన్న తెలుగు కుర్రాడు చేస్తే లెక్క తలకిందులవుతుంది. అక్కడ షెడ్డు కూలి గంటకు 130 డాలర్లు, పని 15 గంటలు అనుకోండి. కూలే 1,950 డాలర్లు. పనిముట్లకు 600 పోయినా 1,350 మిగులుతాయి. అవే 35 గంటలకు పంచితే గంటకు 38 డాలర్లు దాటుతుంది. మన పిల్లలు చూసే వీడియోలు ఎక్కువగా అలాంటి దేశాల కూలి లెక్కలతో చేసినవి. అక్కడ బిల్లులో పెద్ద పద్దు మనిషి శ్రమ, ఇక్కడ పెద్ద పద్దు వస్తువు. చేతి పని మనమే చేసినా వస్తువు ధర తగ్గదు.

గ్యారంటీ ముగిసే రోజు

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ పైకి ఎంత శుభ్రంగా ఉన్నా లోపల ఏముందో ఎక్కించాకే తెలుస్తుంది. విజయవాడ ఆటోనగర్ నుంచి తెచ్చినా, నగరంలోనే కొన్నా సాధారణంగా అమ్మేవాళ్లిచ్చేది కొన్ని రోజుల "చెకింగ్ గ్యారంటీ". అది ఏడు రోజులనుకుందాం. షెడ్డువాళ్లు ఇద్దరు కలిసి రెండు మూడు రోజుల్లో ఎక్కించి స్టార్ట్ చేస్తారు. లోపముంటే గడువులోనే తిరిగి ఇస్తారు. మీరు శని, ఆదివారాల్లో రోజుకు ఎనిమిది గంటల చొప్పున చేస్తే వారాంతానికి 16 గంటలు, 35 గంటలకు మూడో వారాంతం వస్తుంది. మొదటిసారి సెల్ఫ్ కొట్టేనాటికే గ్యారంటీ గడువు పోతుంది.

దీని ధర కట్టి చూద్దాం. అయిదింట ఒక ఇంజిన్ లోపంతో వస్తుందనుకోండి. షెడ్డు దారిలో ఇంజిన్ మార్చి ఇస్తారు, మళ్లీ కూలి, సీళ్లకు రూ.8,000 పోతుంది. అయిదో వంతు లెక్కన ముప్పు విలువ రూ.1,600. ఇంటి దారిలో గడువు దాటింది కాబట్టి ఇంజిన్‌ను తుక్కుకు అమ్మగా రూ.30,000 నష్టం. అయిదో వంతు రూ.6,000. అంటే షెడ్డు దారి అసలు ఖర్చు రూ.66,600, ఇంటి దారి రూ.65,000. మిగులు రూ.1,600కు పడిపోయింది. గంటకు 46 రూపాయలు కూడా లేదు.

ఇంట్లో మరో బండి లేకపోతే ఇదీ మిగలదు. మూడు వారాల్లో 18 రోజులు ఆటోకో క్యాబ్‌కో రోజుకు అదనంగా రూ.150 పెడితే రూ.2,700. షెడ్డు దారిలో నాలుగు రోజులకు రూ.600. తేడా రూ.2,100. చివరకు సొంత చేత్తో చేసినందుకు రూ.500 నష్టం.

ఇప్పుడు ఒక్క అంకె మార్చండి. ఇంజిన్ కొనేటప్పుడే "30 రోజుల్లో లోపం తేలితే మార్చి ఇస్తాం" అని బిల్లు మీద రాయించుకున్నారనుకోండి. ఇంటి దారిలో ముప్పు రూ.3,000 సీళ్లు, ఆయిల్ ఖర్చుకు తగ్గుతుంది, అయిదో వంతు రూ.600. మొత్తం రూ.59,600. మరో బండి ఉన్న ఇంట్లో మిగులు రూ.7,000కు, గంటకు రూ.200కు చేరుతుంది. పానా పట్టకముందు కౌంటర్ దగ్గర రాయించుకున్న ఒక వాక్యం విలువ రూ.5,400.

కొనేముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. క్రాంక్ చేత్తో సాఫీగా తిరగాలి. ఆయిల్ మూత కింద నల్లటి ముద్ద, తెల్లటి నురగ ఉండకూడదు. ప్లగ్గులు తీసి లోపలికి చిన్న ఎండోస్కోప్ కెమెరా పెట్టి బోరు గోడల మీద గీతలున్నాయేమో చూడాలి. వీలైతే అక్కడే సెల్ఫ్ మోటారు తగిలించి కంప్రెషన్ కొలవాలి. ఇంజిన్ కోడ్‌తో పాటు బీఎస్ స్థాయి కూడా మీ బండిదే కావాలి. బీఎస్-4 బండికి బీఎస్-6 ఇంజిన్ తెస్తే సెన్సార్లు, వైరింగ్ కుదరక పని ఆగిపోతుంది.

ఆర్‌సీలో ఉన్న నంబరు

ఇంజిన్ నంబరు బ్లాకు మీద చెక్కి ఉంటుంది. అదే నంబరు ఆర్‌సీలో, బీమా పాలసీలో ఉంటుంది. పాత బ్లాకుకే బోరింగ్ చేయించి పిస్టన్లు మారిస్తే నంబరు మారదు, ఏ కార్యాలయానికీ వెళ్లక్కర్లేదు. రూ.70,000 దారికి ఉన్న ప్రత్యేక సౌలభ్యం ఇదే. పైగా బయటి ఇంజిన్ ముప్పు ఉండదు. కాకపోతే కొన్ని ఇంజిన్లకు ఓవర్‌సైజ్ పిస్టన్లు అసలు రావు, కొలతలు తీసిన లేత్ మనిషే ఆ మాట తేల్చాలి.

మరో ఇంజిన్ ఎక్కిస్తే మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 వర్తిస్తుంది. మార్పు చేసిన 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలిపి, ఆర్‌సీ సమర్పించి, కొత్త నంబరు నమోదు చేయించుకోవాలి. ముందుగానే ఆర్టీఏ కార్యాలయంలో అనుమతి అడగడం ఇంకా మంచిది. బండి మీది ఇంజిన్ నంబరు, ఆర్‌సీలోది వేరని తేలితే యజమాని వాదన విన్నాక రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం సెక్షన్ 55 ఇస్తుంది. అనుమతి లేని మార్పుకు 2019 సవరణతో మారిన సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. కాబట్టి అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ తప్ప మరోదాని జోలికి వెళ్లకూడదు.

ఇంజిన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూపే బిల్లు, అది తీసిన వాహనం ఆర్‌సీ నకలు లేకుండా కొనకండి. దొంగ సొత్తని తెలిసీ, లేదా నమ్మడానికి కారణమున్నా తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం. పత్రాలు లేని ఇంజిన్ అయిదు వేలు తక్కువకు దొరికినా అది చవక కాదు. నంబరు మారాక బీమా కంపెనీకి కూడా తెలిపి పాలసీలో మార్పించుకోవాలి, లేకపోతే తర్వాతి క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

అయినా చేస్తానంటే

డబ్బు కోసం కాకుండా పని నేర్చుకోవడానికి చేసేవాళ్లుంటారు. నేర్చుకునే సరదాకు వెల కట్టలేం. అయితే మొదలుపెట్టే ముందు కొన్ని అంకెలు గుర్తుండాలి.

గేర్‌బాక్స్‌తో కలిపి చిన్న కారు ఇంజిన్ బరువు క్వింటాలుకు అటూ ఇటూ ఉంటుంది. దానికి ఒక టన్ను చైన్ బ్లాక్, సొంత స్టాండు కావాలి. అపార్ట్‌మెంట్ స్టిల్ట్ దూలానికి కొక్కెం బిగించి వేలాడదీయడం ప్రమాదం. నేల చదునుగా, సిమెంటుతో గట్టిగా ఉండాలి, వాలు పనికిరాదు. వేలాడే ఇంజిన్ కింద చెయ్యి కూడా పెట్టకూడదు. కారు కిందికి దూరేముందు జాకీని నమ్మకుండా జాక్ స్టాండ్ల మీద నిలపాలి. బ్యాటరీ తీగ ముందే విప్పాలి, పెట్రోలు లైన్‌లో ఒత్తిడి తీసేయాలి.

ఏసీ పైపులు విప్పకుండా కంప్రెసర్‌ను మాత్రమే బోల్టులు తీసి పక్కకు కట్టేయొచ్చు. చాలా పాత కార్లలో ఉండే ఆర్134ఏ గ్యాసు కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,430 రెట్లు వేడిని పెంచుతుంది. దాన్ని గాల్లోకి వదలకూడదు, పైగా మళ్లీ నింపించే ఖర్చు మీదే. ఇంజిన్ బయట ఉన్నప్పుడే క్లచ్ ప్లేటు, వెనక ఆయిల్ సీలు మార్చేయాలి. తర్వాత ఒక్క సీలు కోసం గేర్‌బాక్స్ మొత్తం మళ్లీ దింపాల్సి వస్తుంది. బోల్టుల బిగింపు మాన్యువల్‌లో చెప్పిన టార్క్ ప్రకారం ఉండాలి, "చేతికి తెలిసినంత" సరిపోదు. దింపిన మూడు నాలుగు లీటర్ల పాత ఆయిల్‌ను కాలువలో పోయకండి. ఇక్కడి నాలాలు సఫిల్‌గూడ, ఆర్‌కే పురం చెరువుల్లోకే వెళ్తాయి. దాన్ని డబ్బాలో పట్టి అధీకృత పాత ఆయిల్ సేకరణదారుకు ఇవ్వాలి.

గంటకు ఎంత?

చివరగా అన్ని పనుల్నీ ఒకే తూకంలో వేసి చూద్దాం. పనిముట్లు, మరో బండి ఉన్న ఇంట్లో ఇంజిన్ సొంతంగా ఎక్కిస్తే గంటకు దక్కేది, గ్యారంటీని బట్టి, రూ.46 నుంచి రూ.200. మరి పరీక్ష మాటేమిటి? కంప్రెషన్ మీటరు రూ.1,500, పట్టే సమయం మూడు గంటలు అనుకుందాం. "ఇంజిన్ పోయింది" అన్న నాలుగు కార్లలో ఒకటి రూ.18,000 హెడ్ పనితో బాగవుతుందని అనుకున్నా, ఆ కారుకు రూ.65,000 బిల్లులో రూ.47,000 మిగులుతుంది. నాలుగో వంతు రూ.11,750. మీటరు ధర తీసేస్తే రూ.10,250. గంటకు రూ.3,400 పైన. నాలుగింట ఒకటి కాదు, పదింట ఒకటే అలా బాగవుతుందనుకున్నా గంటకు వెయ్యి దాటుతుంది.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. మూడు గంటల పరీక్ష మీరే చేయండి, లేదా పక్కనుండి చేయించి అంకెలు రాసుకోండి. రెండు ధరల తేడా కనుక్కోండి. మరమ్మతు ఆ తేడాలో సగం లోపైతే ధైర్యంగా చేయించండి. సగం దాటితే బండి మిగతా భాగాల ఆయుష్షు కూడా చూడండి. తేడాను మించితే ఉన్నదున్నట్టు అమ్మండి లేదా తుక్కుకు ఇవ్వండి. బ్లాకు పనికొస్తే ఇంజిన్ పని వైపు మొగ్గండి, ఆర్‌సీ గొడవ ఉండదు. పనికిరాకపోతే పత్రాలున్న ఇంజిన్‌ను మీరే చూసి ఎంచి, గ్యారంటీ రాయించుకుని, ఎక్కించే పని షెడ్డుకు వదిలేయండి. పనిముట్లు, చదునైన చోటు, ఇంట్లో మరో బండి, 30 రోజుల గ్యారంటీ నాలుగూ ఉన్నవారు చైన్ బ్లాక్ అద్దెకు తెచ్చుకోవచ్చు. నాలుగింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పదివేల కూలి మెకానిక్‌కు ఇవ్వడమే చవక.